సరంగు అబ్బులుకి ఇద్దరు సాక్షులు

అబ్బులు కాఫీ గ్లాసు పట్టుకుని వీధరుగు మీద కూర్చున్నాడంటే, ఆ వేళకి గోదావరిలో చేపలు కూడా ఈత ఆపి చెవులు రిక్కిస్తాయని ఆ వీధిలో ఒక మాట ఉండేది. ఆ మాట పుట్టించినవాడు కూడా అబ్బులే. నలభై ఏళ్ళు రాజమండ్రికీ పట్టిసీమకీ మధ్య లాంచి నడిపిన సరంగు ఆయన. లాంచి దిగి పదిహేడేళ్ళయినా నోరు మాత్రం ఇంకా ఎదురీదుతూనే ఉంది.

ఆ మంగళవారం పొద్దున్న కూడా అదే వరస. పాలు పోయించుకోవడానికి వచ్చిన పక్కింటి ఆవిణ్ణి నిలబెట్టేశాడు.

"ఎనభయ్యారు వరదలో మన లాంచి పట్టిసీమ గుడి మీంచి పోయిందమ్మా. ధ్వజస్తంభానికి తాడు కట్టి అక్కడే అన్నం వండుకున్నాం. కిందనుంచి వీరభద్రుడు తల పైకెత్తి, 'అబ్బులూ, కాస్త పక్కకి జరుగు, లోపల వెలుతురు రావట్లేదు' అన్నాడు."

"పోయినసారి అటుకులు తిన్నామన్నావు," వంటింట్లోంచి చెల్లెలు పాపాయమ్మ కేకేసింది.

"ఈసారి వరద ఎక్కువొచ్చింది చెల్లాయ్. అన్నం ఉడికే టైముంది."

పెద్దకొడుకు అశోక్ గడ్డం గీసుకుంటూ అద్దంలోనే మొహం చిట్లించాడు. నలభై అయిదేళ్ళు వచ్చాయి. కాలేజీ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. ఊహ తెలిసిన దగ్గర్నుంచీ ఆ లాంచి గుడి మీంచి పోతూనే ఉంది. ఈమధ్య నాన్న కోతలు మరీ ముదిరాయని అతని బాధ. పదిరోజుల క్రితం చెప్పులు లేకుండా ఇంటికొచ్చాడు. ఏమయ్యాయంటే "గోదారమ్మ కాళ్ళు కాలుతున్నాయంది, ఇచ్చేశాను" అన్నాడు. ఇంటిల్లిపాదీ నవ్వారు. పాపాయమ్మ ఒక్కతీ నవ్వలేదు. కొత్త చెప్పులు కొనుక్కొచ్చి గుమ్మం దగ్గర పెట్టింది.

అప్పుడే అశోక్ భార్య దుర్గాశ్రీ పెరట్లోంచి వచ్చింది. వాషింగ్ మెషీన్లో వేయబోతూ మామగారి చొక్కా జేబు తడిమితే దొరికిందట, చేతిలో మడతపెట్టిన కాగితం.

"ఏవండీ, ఇది చూడండి ఒకసారి."

అశోక్ చదివాడు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ వారి చీటీ. 'ఉచిత న్యాయ సహాయం' అని పైన ముద్ర. కింద చేతిరాతతో: గురువారం ఉదయం పదిన్నరకు రావలెను. ఇద్దరు సాక్షులు, డాక్టరు సర్టిఫికెట్టు తేవలెను. అంతకుముందు రెండు తేదీలు రాసి కొట్టేసి ఉన్నాయి.

అతని చెంప మీద సగం గీసిన నురగ అలాగే ఎండిపోయింది. పక్కవీధి జగన్నాథరావుని వాళ్ళ నాన్న సీనియర్ సిటిజన్ల ట్రిబ్యునల్‌కి ఎక్కించి, ఇల్లు ఖాళీ చేయించి నాలుగు నెలలు కాలేదు. సామాను ఆటోలో వేసుకుని అతను వెళుతుంటే వీధంతా గుమ్మాల్లో నిలబడి చూసింది.

"సాక్షులట! నాన్న నామీద కేసు పెట్టాడు దుర్గా," అన్నాడు.

ఉత్తపుణ్యానికి పుట్టిన అనుమానం కాదది. అతని కడుపులో ఒక సంగతి ఉంది. సుధాకర్ అనే బిల్డరు ఆ పాత పెంకుటిల్లు పడగొట్టి అపార్ట్‌మెంటు కడతానని వచ్చాడు. అన్నదమ్ములకి చెరొక ఫ్లాటు. విశాఖపట్నంలో ఉన్న తమ్ముడు గణేష్‌బాబు ఫోన్లో ఎగిరి గంతేశాడు. అశోక్ కూడా ఊఁ అన్నాడు. నాన్న సంతకం పెట్టాల్సిన కాగితాలు బీరువాలో ఉన్నాయి. నాన్న తనతో ఉంటాడు, ఇంటర్ చదువుతున్న కూతురికి ఒక గది. మేనత్త పాపాయమ్మ సంగతి దగ్గరికొచ్చేసరికి మాత్రం అన్నదమ్ములిద్దరూ గొంతు తగ్గించారు. ధవళేశ్వరం దగ్గర ఏదో ఆశ్రమం ఉందని, మంచి గాలి వస్తుందని మాట్లాడుకున్నారు. ఆ మాటలు నాన్న చెవిన పడ్డాయేమోనని అప్పుడే అనుమానం వచ్చింది.

అరుగు మీదకి వచ్చి కాగితం నాన్న మొహమ్మీద పెట్టాడు.

"ఏంటి నాన్నా ఇది?"

అబ్బులు కాగితం అందుకున్నాడు. కళ్ళజోడు సర్దుకున్నాడు. చాలాసేపు చూశాడు. కొత్త రేవులో లంగరు వేయడానికి చోటు వెతుక్కునేవాడిలా కళ్ళు ఆ అక్షరాల మీద తిరిగాయి. ఎక్కడా ఆగలేదు.

"ఇదా..." అన్నాడు. తర్వాత మొహం ఒక్కసారి వెలిగించుకున్నాడు. "ఇదేంటనుకున్నావు, గోదారికి వచ్చిన సమన్లు! ఏదో హద్దు తగాదాలో సాక్ష్యం చెప్పాలట. అదొస్తే కోర్టు మునిగిపోతుందని జడ్జీగారు భయపడి, దాని తరఫున నన్ను..."

"నాన్నా!"

అశోక్ అరుపుకి పక్కింటావిడ పాలగిన్నెతో సహా లోపలికి పోయింది.

"ఇంకెన్నాళ్ళు ఈ కోతలు? ఈ ఇంట్లో ఒక్కరోజు, ఒక్క నిజం చెప్పావా? నేనేం తక్కువ చేశాను నీకు? తిండి పెట్టలేదా, మందులు కొనలేదా? కొడుకు మీద కేసు పెట్టి, నలుగురిలో నా పరువు తీసి, పైగా గోదారి అంటావా?"

"కేసేంటి?" అబ్బులు కంగారుగా అటూ ఇటూ చూశాడు. "కేసు కాదురా. అది... అదొకటి చెయ్యాలి నేను. ముఖ్యమైంది. ఏంటంటే..."

"చెప్పు."

చెప్పలేకపోయాడు. పెదాలు కదిలాయి. ఆ మనిషికి మాట తడుముకోవడం వీధిలో ఎవరూ చూసి ఎరగరు. అశోక్ మాత్రం అది దొరికిపోయిన దొంగ తడబాటు అనుకున్నాడు.

"మావయ్యగారూ, పోనీ తర్వాత చెబుదురుగాని," అంటూ దుర్గాశ్రీ అడ్డం వచ్చింది.

"నువ్వుండు! ఎందుకు పెట్టాడో నాకు తెలుసు. ఇల్లు అపార్ట్‌మెంటుకి ఇవ్వాలనుకున్నాం, అదేగా నీ కడుపుమంట? ఇస్తే తప్పేంటి? నిన్ను నేను చూసుకుంటాను. అత్తనేమైనా రోడ్డు మీద వదిలేస్తామా? ఆవిడకీ ఆశ్రమంలో చోటు చూశాం."

మాట జారిపోయింది. వెనక్కి లాక్కోవడానికి అది బిందె తాడు కాదుగా.

గుమ్మంలో పాపాయమ్మ నిలబడి ఉంది. చేతిలో అట్లకాడ. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. అశోక్‌కి ఆరేళ్ళప్పుడు అమ్మ పోతే పదకొండో రోజుకని వచ్చింది. అప్పటికే ఆవిడ మొగుడు విడాకులిచ్చి ఎటో పోయాడు. ఆ పదకొండో రోజు ఇప్పటికీ పూర్తికాలేదు.

"ఎక్కడ చూశార్రా?" అంది మామూలుగానే.

అశోక్ భార్య వైపు చూశాడు.

"ధవళేశ్వరం దగ్గరండి పిన్నిగారూ," తల దించుకుని దుర్గాశ్రీ చెప్పింది. "ఇంకా ఏమీ అనుకోలేదండి..."

"అయితే దూరం కాదులే." పాపాయమ్మ కాసేపు ఆలోచించింది. "పెరట్లో దొండపాదు అదీ వేసుకోనిస్తారా? పోనీ ఇవ్వకపోయినా... మీ నాన్నకి రాత్రిపూట మజ్జిగలో అల్లం దంచి వేయాలి అమ్మాయ్. లేకపోతే దగ్గు. అది మర్చిపోకు."

అట్లు మాడుతున్న వాసన వచ్చింది. లోపలికి వెళ్ళిపోయింది.

తినకుండానే అశోక్ వీధిలో పడ్డాడు. ఆఫీసుకి బయల్దేరాడు గానీ కాళ్ళు రేవు వైపు నడిచాయి. అక్కడ చిట్టియ్య టీ కొట్టు. అబ్బులు లాంచిలో పాతికేళ్ళు తాడు విసిరినవాడు చిట్టియ్య.

"బాబాయ్, నాన్న నామీద కేసు పెట్టాడా? నీకు చెప్పకుండా ఉండడు."

చిట్టియ్య టీ వడకట్టడం ఆపాడు. "కేసా? నీమీదా? ఎవరన్నారు? సాక్షి సంతకానికి రమ్మని నన్ను మూడుసార్లు అడిగాడు. అదేనా?"

"దేనికి సాక్షి?"

"ఆ పింఛన్ల ఆఫీసు దగ్గర న్యాయ విజ్ఞాన సదస్సని పెట్టి, డబ్బులు లేకపోయినా లాయర్ని ఇస్తామని కాగితాలు పంచారు. అది పట్టుకుని తిరిగాడు. 'చిట్టియ్యా, నా తల పోయేలోగా పాపాయికి గది రాయాలి' అన్నాడు. 'తల ఎక్కడికి పోతుంది, తాళం వేసుకో' అన్నాన్నేను." చిట్టియ్య నవ్వబోయి ఆగిపోయాడు. "అబ్బులు మాట నమ్మి కోర్టుకి ఎవరు పోతారు చెప్పు? కలెక్టర్‌కి ఈత నేర్పానన్న మనిషి. మాల్రాజుపేట వెంకన్ననీ అడిగాడు. వాడూ నవ్వాడు."

అశోక్ బల్ల మీద కూర్చున్నాడు.

"ఇంకోటి చెప్పాలి అబ్బాయ్. నెల దాటింది. ఇక్కడే, నువ్వు కూర్చున్నచోటే, పొద్దున్నుంచి కూర్చున్నాడు. నాలుగింటికి 'చిట్టియ్యా, మా ఇల్లెటు?' అన్నాడు. వేళాకోళం అనుకుని 'కాశీ వైపు' అన్నాను. నవ్వాడు. నవ్వి మళ్ళీ కూర్చున్నాడు. చీకటి పడేవేళకి మీ అత్త వెతుక్కుంటూ వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది." చిట్టియ్య వీధి మలుపు వైపు చూశాడు. "అప్పుడైనా తెలుసుకోవద్దా నేను? రెండు వీధులే కదా."

ఆ మనిషి జ్ఞాపకం ఎప్పటినుంచి చిల్లుపడిన లాంచిలా నీళ్ళు ఎక్కించుకుంటోందో ఎవరికీ తెలియదు. పడిన ప్రతి చిల్లునీ ఒక కోత పెట్టి మూసేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఇంకెవరి తండ్రైనా చెప్పులు పోగొట్టుకుని వస్తే ఆ కొడుకు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేవాడు.

బుధవారం ప్రభుత్వాసుపత్రి డాక్టరు అరగంటసేపు అబ్బులుతో మాట్లాడాడు. మూడు వస్తువుల పేర్లు చెప్పి గుర్తుపెట్టుకోమన్నాడు. అయిదు నిమిషాలాగి అడిగితే అబ్బులు ఏడు పేర్లు చెప్పాడు. వాటిలో ఆ మూడూ లేవు. మతి స్థిమితంగా ఉందన్న సర్టిఫికెట్టు డాక్టరు ఇవ్వలేదు. మందులు రాసి, "ఒక్కోరోజు తేటగా ఉంటారు, ఒక్కోరోజు ఉండరు. లాయరుగార్ని స్వయంగా మాట్లాడి చూడమనండి" అన్నాడు.

గురువారం పదిన్నరకి చిట్టియ్యని, వెంకన్నని వెంటబెట్టుకుని, ఇస్త్రీ చొక్కా తొడిగిన నాన్నని చేయి పట్టుకుని అశోక్ కోర్టు ఆవరణలోని ఆ ఆఫీసుకి వెళ్ళాడు. సంస్థ తరఫున కేసులు చూసే లాయరు ప్రసన్నకుమారికి ముప్పై ఏళ్ళుంటాయేమో. ఆవిడ అబ్బుల్ని చూడగానే లేచి నిలబడింది.

"రండి తాతగారూ. రెండు వాయిదాలకి రాలేదేమిటి? లాంచి ఇసుకలో దిగబడిందా?"

"మీరు..." అబ్బులు మర్యాదగా నవ్వాడు. "మీరు పట్టిసీమ టీచరుగారి అమ్మాయి కదూ?"

ప్రసన్నకుమారి మొహంలో నవ్వు మెల్లగా తగ్గింది. మిగతావాళ్ళని బయట కూర్చోమంది. విల్లు రాసేవాడిని ఒంటరిగా అడగాలి, పక్కన వారసులు ఉండకూడదు. తలుపు సగమే మూసుకుంది. బయట బల్ల మీద అశోక్‌కి అన్నీ వినపడుతూనే ఉన్నాయి.

"తాతగారూ, మీకు పిల్లలెంతమంది?"

"ఇద్దరు మగపిల్లలమ్మా. పెద్దాడికి ఆరేళ్ళు. చిన్నాడికి మూడు."

"మీ ఇల్లు ఎక్కడుంది?"

"రేవులోనే. తాడు కట్టి వచ్చాను."

"పాపాయమ్మగారు మీకు ఏమవుతారు?"

ఫ్యాను తిరుగుతున్న చప్పుడు. ఇదివరకైతే ఈపాటికి ఒక వరదో, ఒక మొసలో గదిలోకి వచ్చేసేవి. ఇవాళ ఏదీ రాలేదు. చాలాసేపటికి చిన్న గొంతుతో అన్నాడు.

"మా అమ్మ. అన్నం పెడుతుంది."

చిట్టియ్య కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

ప్రసన్నకుమారి బయటికి వచ్చి అశోక్ పక్కన కూర్చుంది. "ఈ రోజు ఆయన చేత సంతకం పెట్టించలేనండి. పెట్టిస్తే అన్యాయం అవుతుంది. తేటగా ఉన్న రోజు దొరికితే, ఆ రోజు డాక్టరు సరేనంటే, నేనే మీ ఇంటికి వస్తాను. కానీ ఎక్కువ ఆశ పెట్టుకోకండి. ఇంకో మాట. ఈ స్థితిలో ఉన్న మనిషి చేత ఇల్లు అమ్మే కాగితాల మీద కూడా ఎవరూ సంతకం పెట్టించకూడదు."

అశోక్‌కి బీరువాలోని కాగితాలు గుర్తొచ్చాయి.

"మొదటిసారి వచ్చినప్పుడు బాగా ఉన్నారు. గంటసేపు చెప్పారు, నేను రాసుకున్నాను. సంతకం లేదు కనక చెల్లదు. కానీ ఆ రోజు ఒక మాటన్నారు. 'మా పెద్దాడు ఎప్పటికైనా వెతుక్కుంటూ వస్తాడు, వస్తే చదివి వినిపించమ్మా' అని."

ఆవిడ చదివింది.

"నా పేరు అబ్బులు. సరంగుని. నేను చాలా అబద్ధాలు చెప్పాను, ఇది అబద్ధం కాదు. నా మాట నమ్మేవాళ్ళు లేరు గనక కాగితం మీద పెట్టమంటున్నాను. నా భార్య పోతే మా చెల్లెలు వచ్చింది. పిల్లలు కొంగు వదల్లేదని ఉండిపోయింది. తర్వాత ఆత్రేయపురంనుంచి ఒక మంచి సంబంధం వచ్చింది. భార్య పోయిన మాస్టారు. మా చెల్లెలికి చెప్పకుండా నేనే పొమ్మన్నాను. ఆవిడ వెళితే నా పిల్లలకి అన్నం ఎవరు పెడతారని. ఆ సంగతి ఆవిడకి తెలియదు. ఆ ఇల్లు నేను కట్టాను గానీ కాపురం ఆవిడది. ఆవిడ బతికున్నంతకాలం ఆ వంటిల్లు, పక్కగది ఆవిడవి. ఆవిడ పోయాకే నా కొడుకులవి. మా పెద్దాడు చెడ్డవాడు కాదు. వాడికి ఇల్లు ఇరుకైంది. అంతే."

అశోక్ అక్కడే, నలుగురూ తిరిగే వరండాలో, మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఏడ్చాడు. నాన్న నిజం ఒక్కటి చెప్పలేదని తను అరిచాడు. చెప్పుకోవడానికి ఆ మనిషి ఇంటినుంచి ఆటో కట్టించుకుని, పరాయి ఆడపిల్ల దగ్గరికి రావలసి వచ్చింది.

"ఇప్పుడేం చెయ్యాలి మేడమ్?"

"ఆయన తర్వాత వాటా మీకూ మీ తమ్ముడికీ వస్తుంది, ఆవిడకి రాదు. మీ తమ్ముణ్ణి నేను బలవంతపెట్టలేను. కానీ ఆవిడకన్నా ముందు మీకేమైనా అయితే? మీకు వచ్చే వాటాలో ఆవిడ బతికున్నంతకాలం ఉండేలా మీ విల్లు మీరు రాయొచ్చు. ఆవిణ్ణి కూడా తీసుకురండి. ఆడవాళ్ళకి ఇక్కడ ఆదాయంతో పనిలేదు, ఫీజూ లేదు. తనకి ఒంట్లో బాగోకపోతే ఎవరు చూడాలో, ఆస్పత్రిలో తన తరఫున ఎవరు మాట్లాడాలో ఆవిడ కూడా రాసిపెట్టుకోవాలి కదా. ఆ మాట ఆవిణ్ణి ఇంతవరకూ ఎవరైనా అడిగారా?"

ఎవరూ అడగలేదు.

ఇంటికి వచ్చి బీరువా తీసి బిల్డరు కాగితాలు చింపేశాడు. తమ్ముడికి ఫోన్ చేశాడు. గణేష్‌బాబు మొదట గయ్యిమన్నాడు. నాన్న లాయరు చేత రాయించిన మాటలు అశోక్ గుర్తున్నంతవరకు వల్లించాడు. "ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఆ ఊసెత్తను అన్నయ్యా," అన్నాడు చివరికి గణేష్‌బాబు. కాగితం మీద పెట్టడం గురించి మాత్రం అతను ఏమీ అనలేదు.

అశోక్ వంటింట్లోకి వెళ్ళాడు. పాపాయమ్మ కందిపప్పు ఏరుతోంది. కింద కూర్చున్నాడు.

"అత్తా, ఆత్రేయపురం సంబంధం..."

"మాస్టారిదా? తెలుసు." ఆవిడ తలెత్తలేదు. "తలుపు చాటునుంచి విన్నాను. ఆ వేళ తమ్ముడికి ఒళ్ళు కాలిపోతోంది. నువ్వు నా చీర కుచ్చిళ్ళు పట్టుకుని నిద్రపోతున్నావు. వదిలించుకుని వెళ్ళి ఏమని చెప్పమంటావు?"

"నాన్న మీద కోపం రాలేదా?"

"రాకేం? మూడు రోజులు పులుసులో ఉప్పు వెయ్యలేదు. 'గోదారి చప్పగా ఉంది కదా, ఎవరైనా తిట్టారా' అంటూ తినేశాడు మహానుభావుడు." నవ్వబోయింది. నవ్వు మధ్యలో విరిగి, పప్పులో నాలుగు చుక్కలు పడ్డాయి. "నన్ను పంపించెయ్యండిరా, ఫర్వాలేదు. కానీ మీ నాన్నకి ఇంక నా పేరు కూడా గుర్తుండదు. ఎవరు పిలుస్తారు నన్ను 'చెల్లాయ్' అని?"

అశోక్ ఆవిడ ఒళ్ళో తల పెట్టాడు. ఆవిడ పప్పు చేతుల్తోనే అతని జుట్టు సర్దింది.

సోమవారం అందరూ మళ్ళీ ఆ ఆఫీసుకి వెళ్ళారు. అబ్బులుని ఇంట్లో ఒంటరిగా వదిలే రోజులు పోయాయి గనక ఆయన్నీ తీసుకెళ్ళారు. అశోక్ తన విల్లు రాయించి, సాక్షుల ముందు సంతకం పెట్టాడు. తర్వాత ప్రసన్నకుమారి పాపాయమ్మ వైపు తిరిగింది.

"పెద్దమ్మా, మీకు స్పృహ లేని పరిస్థితి వస్తే మీ తరఫున మాట్లాడటానికి ఎవరి పేరు రాయమంటారు?"

పాపాయమ్మ అలవాటుగా వెనక్కి తిరిగి చూసింది, ఆ ప్రశ్న ఇంకెవర్నో అడిగినట్టు. అరవై ఎనిమిదేళ్ళలో ఆవిణ్ణి ఏం కావాలని అడిగిన మొదటి మనిషి ఆ లాయరే. కొంగు భుజమ్మీదకి లాక్కుంది.

"మా అశోక్ పేరు రాయమ్మా."

"మీకు ఏమవుతారు?"

ఆవిడ అశోక్ వైపు చూసింది. చూపులో అధికారం లేదు. "కొడుకు అని రాయించనా బాబూ?" అని అడిగింది. "నీకు ఇష్టమైతేనే."

అశోక్ తల ఊపి, గబగబా వరండాలోకి వచ్చేశాడు.

బల్ల మీద అబ్బులు ఒక్కడే కూర్చుని, వచ్చేపోయేవాళ్ళని చూస్తున్నాడు. కళ్ళు తుడుచుకుంటూ పక్కన కూర్చున్న మనిషిని ఎగాదిగా చూశాడు. కాస్త జరిగి చోటిచ్చాడు. చుట్టూ చూసి, గొంతు తగ్గించి, చెవి దగ్గరికి వంగాడు.

"బాబూ, మీరు పెద్దమనిషిలా ఉన్నారు. నాకొక సాయం చేస్తారా? మా చెల్లెలికి గది రాయాలి. ఇద్దరు సాక్షులు కావాలంటున్నారు. ఊళ్ళో నా మాట ఎవరూ నమ్మరండి. మా పెద్దాడికి చెబుదామంటే ఇంకా చిన్నపిల్లాడు."

ఆ ముడతలు పడిన చేతిని అశోక్ రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"నేనొస్తానండి," అన్నాడు. "నేను నమ్ముతానండి."

"చాలా సంతోషం బాబూ," అన్నాడు అబ్బులు. పెద్ద బరువు దించుకున్నట్టు గోడకి జారబడి, ఆ చెయ్యి వదలకుండానే అడిగాడు. "తమరిది ఏ ఊరు?"